కట్టలో చేరని కంకి

నేను ఒక వెన్న అచ్చును. అరచేతిలో ఇమిడే గుండ్రని మేపుల్ చెక్కను. వెనుక వైపు పట్టుకోవడానికి కురచ పిడి ఉంది, ముందు ముఖాన లోతుగా చెక్కిన గోధుమ కంకుల కట్ట ఉంది. మీ ఇళ్ళలో వెన్నను ముద్ద చేసి నీళ్ళగిన్నెలో వేస్తారు. దానికి ఏ గుర్తూ అక్కరలేదు. ఎవరు చిలికారో తినేవారికి తెలుసు. నేను పుట్టిన దేశంలో వెన్న ఇల్లు దాటి, వాగు దాటి, ముక్కూ మొహం తెలియనివారి పళ్ళెంలోకి వెళ్ళేది. అందుకని ప్రతి ఇల్లాలికీ ఒక అచ్చు ఉండేది. సంతకం చేయడం రాని స్త్రీకి అదే సంతకం. వెన్న బాగుంటే ఆ గుర్తును అడిగి మరీ కొనేవారు. ముక్కిన వాసన వస్తే ఆ గుర్తునే తిట్టేవారు.

ఇప్పుడు నా నివాసం అమెరికాలో ఒహాయో అనే రాష్ట్రంలో, ఒక చిన్న ఊరి మ్యూజియంలో, గాజుపెట్టెలో. కిందటి ఏడాది వరకు నా ముందు ఒక చీటీ ఉండేది: "హెస్టర్ పెన్రోడ్ వెన్న అచ్చు". అందులో వెన్న అచ్చు అన్నది నిజం. మిగిలినది సగం నిజం. పూర్తి అబద్ధాన్ని ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు పట్టుకుంటారు. సగం నిజం మాత్రం దర్జాగా తరతరాలు బతుకుతుంది. ఆ సగం నిజాన్ని ఆధారం చేసుకుని, ఒక స్త్రీ ఎముకల మీద మరొక స్త్రీ పేరున్న నల్లరాయి నిలబెట్టడానికి పెన్రోడ్ వంశం వారందరూ సిద్ధపడ్డారు. ఆ పని ఎంతవరకు వచ్చిందో, ఎలా ఆగిందో చెబుతాను.

నన్ను చెక్కినవాడు జోనస్ పెన్రోడ్. అప్పటికి అతను కొండలకు తూర్పున, పెన్సిల్వేనియాలో పొలం లేని రైతు కొడుకు. హెస్టర్ అనే అమ్మాయి మీద మనసు పడ్డాడు. మనసైన అమ్మాయికి వంటింటి పనిముట్టు ఒకటి స్వయంగా చెక్కి ఇవ్వడం అక్కడి కుర్రవాళ్ళ ఆచారం. జోనస్ మొదట ఆవును చెక్కబోయాడు. అది కుక్కలా వచ్చింది. ముఖమంతా చిత్రికపట్టి మళ్ళీ మొదలుపెట్టి, తనకు చేతనైన గోధుమ కట్ట చెక్కాడు. పెళ్ళికి ముందు మగవాడికి తన తప్పును చెరుపుకునే ఓపిక ఉంటుంది. ఆ తరువాత అది ఎక్కడికి పోతుందో నేను కనిపెట్టలేకపోయాను.

పెళ్ళయిన ఏడాదే వారు బండి కట్టుకుని పడమటి అడవులకు బయలుదేరారు. నేను పిండి పీపాలో కూర్చుని కొండలు దాటాను. ఫాక్స్ క్రీక్ అనే వాగు ఒడ్డున చెట్లు నరికి, మొద్దుల మధ్యనే మొక్కజొన్న నాటారు. మనుమలు ఆ నేలను "మా తాతలు అడవి కొట్టి సంపాదించిన భూమి" అని చెప్పుకుంటారు. అంతకు ముందు అదే వాగు ఒడ్డున ఆ నేల ఆదివాసులైన షానీ జాతి స్త్రీలు మొక్కజొన్న వేసుకునేవారు. నాగలికి వారి రోకలిబండలు తగిలేవి, జోనస్ వాటిని ఏరి గట్టు మీద పడేసేవాడు. వంశవృక్షాలు ఆ గట్టు దగ్గరకు వెళ్ళవు.

దుంగల ఇల్లు కట్టుకున్నారు. పొయ్యిని పచ్చి బంకమట్టితో మెత్తారు. మట్టి ఇంకా ఆరకముందే హెస్టర్ నన్ను తీసుకుని పొయ్యి నుదుటన గట్టిగా అదిమింది.

"ఏమిటా పిల్లచేష్ట?" అన్నాడు జోనస్.

"ఈ ఇల్లు ఎవరిదో పొయ్యికి తెలియవద్దూ?" అంది హెస్టర్.

మంట తగిలి ఆ మట్టి ఇటుకలా గట్టిపడింది. అందులో నా గోధుమ కట్ట ఉబ్బెత్తుగా నిలిచిపోయింది. ఈ సంగతి గుర్తుంచుకోండి. మట్టిలో పడినది కట్ట ఒక్కటే, దాని పక్కన మరేమీ లేదు.

రెండో శీతాకాలంలో కెజీయా వచ్చింది. తల్లినీ తండ్రినీ ఒకే జ్వరం తీసుకుపోతే ఆ పిల్ల మిగిలింది. అనాథ పిల్లలను పద్దెనిమిదేళ్ళు నిండేదాకా ఏదో ఒక ఇంటికి పనికి అప్పగించడం ఆ ఊరి పెద్దల పద్ధతి. తిండీ బట్టా ఇంటివారివి, చాకిరీ పిల్లది. మీ పెళ్ళిళ్ళలోనూ అప్పగింతలు ఉంటాయి, పెళ్ళికూతురి తల్లి ఏడుస్తుంది. ఈ అప్పగింతకు ఏడవడానికి ఎవరూ లేరు. పిల్ల గుమ్మంలో నిలబడి ముందు పొయ్యిని చూసింది, తరువాత పొయ్యి మీది గుర్తును చూసింది.

"అదేమిటండీ అమ్మగారూ?"

"నా పేరు," అంది హెస్టర్ నవ్వుతూ.

హెస్టర్ మంచి మనిషి. ఆమెకు అన్యాయం చేసి కెజీయాకు న్యాయం చేయడం నాకు సమ్మతం కాదు. పిల్లకు ఆమే పని నేర్పింది. నిలువు పీపాలో కర్రను పైకీ కిందికీ ఆడించి చిలకడం, వెన్నను ఊటనీళ్ళలో నీరు తేటపడేదాకా కడగడం, ఉప్పు పట్టించడం, చెక్కగరిటెతో ఒత్తి చెమ్మ పిండడం. చివరిగా నన్ను చన్నీళ్ళలో నానబెట్టడం. "దాహం తీర్చి వెన్న పెట్టు. ఎండిన చెక్క వెన్నను పట్టుకుంటే వదలదు," అనేది. కెజీయా ఆ మాటను పాటలా పాడుకుంటూ పని చేసేది.

కెజీయా వచ్చిన మూడో ఏట హెస్టర్ నాలుగో బిడ్డను కని, బాలింత జ్వరంతో పోయింది. నేల మంచుతో బిగుసుకుపోయి ఉంది. కాస్త మెత్తగా ఉన్న చోటు చూసి, పొలం అంచున ఒక మేపుల్ చెట్టు కింద పాతిపెట్టి చెక్క సిలువ నాటారు. చెక్క ఎంతకాలం ఉంటుంది? సిలువ కుళ్ళింది, చెట్టును కొట్టారు, ఏటేటా పొలం అంచు ముందుకు జరిగింది. ఒక తరం గడిచేసరికి అక్కడ మొక్కజొన్న పెరుగుతోంది.

చివరి బిడ్డ పేరు ఏమస్. వాడిని కెజీయాయే బతికించింది. ఆవుపాలలో గుడ్డ ముంచి, వాడి పెదవుల మధ్య పెట్టి, ఒక్కొక్క చుక్కే తాగించింది. అప్పటికి ఆ పిల్లే ఇంకా గౌను అంచు తొక్కుకుని పడే వయసులో ఉంది.

వెన్న పని ఆగలేదు. అక్కడికి ఒక పూట ప్రయాణంలో కూడలి కొట్టు ఉండేది. కొట్టుయజమాని వెన్న తీసుకుని ఉప్పూ, సూదులూ, గుడ్డా ఇచ్చేవాడు. ఆ వెన్నను పడవల మీద పట్నానికి పంపేవాడు. హెస్టర్ పోయిన సంగతి అతనికి తెలుసు. పట్నంలో కొనేవారికి తెలియదు. "అదే గుర్తు వెయ్యి. గుర్తు మారితే ఎవరూ ముట్టరు," అన్నాడు జోనస్. కెజీయా అదే గుర్తు వేసింది. ఆ విధంగా పట్నంవారి దృష్టిలో హెస్టర్ బతికే ఉంది, ఏటేటా మరింత మంచి వెన్న చేస్తూ ఉంది.

పద్దెనిమిదేళ్ళు నిండాక కెజీయా ఆ ఇల్లు వదిలి పోవచ్చు. పోలేదు. ఆ వారం ఏమస్‌కు తట్టు పోసింది. ఆ తరువాత వారం మరొకటి వచ్చింది. ఇల్లు నడిపే స్త్రీ వెళ్ళిపోవడానికి తీరిక దొరకడం ఎక్కడైనా చూశారా?

కొన్నేళ్ళకు ఆ జిల్లాలో మొదటిసారి వ్యవసాయ ప్రదర్శన పెట్టారు. ఎద్దులు, గుమ్మడికాయలు, దుప్పట్లు, వెన్న. న్యాయనిర్ణేత మీసాలకు వెన్న అంటకుండా జాగ్రత్తపడుతూ అన్నీ రుచి చూసి, బల్ల ఎక్కి ప్రకటించాడు: "గోధుమ కట్ట గుర్తుకు మొదటి బహుమతి. పెన్రోడ్ గారి ఇల్లాలిని అభినందిస్తున్నాం!"

జనం చప్పట్లు కొట్టారు. జోనస్ ముందుకు వెళ్ళి నీలం రిబ్బను అందుకున్నాడు. జనం వెనుక ఏమస్ చెయ్యి పట్టుకుని కెజీయా నిలబడి ఉంది. ఆ రోజు వెన్న బల్ల మీద ఆమె చిలికిన ముద్దల పక్కనే నన్నూ పెట్టారు కనుక నేను స్పష్టంగా చూశాను. ఒక్క మాట చాలేది. ఆ మాటకు జోనస్ నోరు తెరిచినట్టే తెరిచాడు. తరువాత రిబ్బనును టోపీకి గుచ్చుకున్నాడు.

బండిలో ఇంటికి వస్తుంటే కెజీయా అంది: "ఇల్లాలు పోయి ఏమస్‌కు ఎంత వయసో అంత కాలమైంది కదండీ."

"గుర్తు ఎవరిదో బహుమతి వారిదే. కోపం దేనికి?" అన్నాడు జోనస్.

"కోపం లేదండీ. ఊరికే గుర్తుచేశాను."

మరునాడు ఉదయం పాలు పితికి వచ్చాక ఆమె ఆపిల్ తొక్కలు తీసే కత్తిని సానబెట్టింది. నన్ను ఒడిలో పెట్టుకుని, నా ముఖం మీద కట్టకు ఎడమ పక్కన ఖాళీగా ఉన్న చోట కత్తి మొన ఆనించింది. ఒక్క కంకి చెక్కింది. కట్టలో చేరదు, దాని మీద వాలదు. తన కాడ మీద తాను నిలబడిన ఒంటి కంకి. ఎడమన ఎందుకు చెక్కిందంటే వెన్న మీద అది కుడివైపు పడుతుంది గనుక. అచ్చుతో బతికినవారికి ఎడమను కుడిగా చదవడం అలవాటవుతుంది.

ఆ వారం కూడలి కొట్టులో గుడ్డ విప్పి చూసిన యజమాని కళ్ళద్దాలు సవరించుకున్నాడు.

"ఏమే పిల్లా, కట్ట పక్కన ఈ కంకి ఏమిటి? కోతలో జారిపడిందా?"

"అది నేనండీ," అంది కెజీయా.

అతను ఆమెను చూశాడు, వెన్నను చూశాడు, ఉప్పు తూచాడు. జోనస్ కూడా తరువాత ఎప్పుడో ఆ కంకిని చూశాడు. ఏమీ అనలేదు. అతను చేసిన తప్పుల్లో ఎక్కువ భాగం ఏమీ అనకపోవడమే.

జోనస్ ముసలివాడై చనిపోయాడు. అతని సమాధి మీద అక్షరాలున్న పలక నిలబెట్టారు. ఆ తరువాత చాలా ఏళ్ళు కెజీయా బతికింది. ఏమస్ తన మొదటి కూతురికి కెజీయా అని పేరు పెట్టాడు. మీలో నాయనమ్మ పేరు మనుమరాలికి పెట్టుకున్నట్టే. అన్నలు మాత్రం "పనిపిల్ల పేరా?" అని ముఖం చిట్లించారు. ముసలి కెజీయా పోయినప్పుడు "ఆమెను నాన్న పక్కన పెడదాం. నన్ను పెంచింది ఆమే," అన్నాడు ఏమస్. అన్నలు ఒప్పుకున్నారు, కానీ పలకకు ఒప్పుకోలేదు. ఏమస్‌కు అక్షరాలు చెక్కడం రాదు. వాగులోంచి ఒక రాయి తెచ్చుకున్నాడు. నన్ను నానబెట్టి, ఒక ముద్ద వెన్న మీద అచ్చు వేసి, ఆ వెన్నను ఎదురుగా పెట్టుకుని చూస్తూ చెక్కాడు. చలికాలం గనుక వెన్న కరగలేదు. కట్టను పైపైన గీశాడు. ఒంటి కంకి దగ్గరకు వచ్చేసరికి సుత్తి ఆపలేదు. వేలు దిగేంత లోతుగా చెక్కాడు.

అటుపైన నేను ఏమస్ కూతురు కెజీయా చేతికి, ఆమె కూతురి చేతికి వెళ్ళాను. తరువాత వెన్న మిల్లులలో తయారై కాగితం చుట్టుకుని రావడం మొదలైంది. నాతో పిల్లలు బురదలో అచ్చులు వేశారు. ఒక పండుగకు నాతో బిస్కెట్లు ఒత్తారు. ఒక తరం వారు కిటికీ ఊగకుండా నన్ను సందులో ఇరికించారు. చివరికి పాత సామానుతో పాటు ఏమస్ పెద్దన్న వంశంలో ఒక పెద్దమనిషి చేతికి చేరాను. అతను నన్ను మ్యూజియానికి దానం చేస్తూ, వంశానికి మూలపుటమ్మ హెస్టర్ కనుక అచ్చు ఆమెదే అని చీటీ రాయించాడు. ఆ చీటీని బట్టి, జోనస్ పక్కన గోధుమ కట్ట ఉన్న రాయి హెస్టర్ సమాధి అయింది. ఆ రాయిని బట్టి నా చీటీ రుజువైంది. రెండు తప్పులు ఒకదాని భుజం మీద మరొకటి చెయ్యి వేసుకుని హాయిగా నిలబడ్డాయి.

వంశం వెతుక్కునేవారు నా గాజుపెట్టె ముందుకు చాలామంది వస్తారు. అందరికీ రాజులు కావాలి, కనీసం ఒక సేనాధిపతి. దొరికేది పందులు తోలినవారు. వారి ముఖాలు వాడిపోవడం నాకు బాగా అలవాటు. ఆర్డిత్ అలాంటిది కాదు. ఆమె ఏమస్ వంశంలోని ముసలావిడ. పల్లెదారుల్లో ముప్పై ఏళ్ళు ఉత్తరాలు పంచి విశ్రాంతి తీసుకుంటున్న పోస్టుమనిషి. ఆమె పూర్తి పేరు ఆర్డిత్ కెజీయా. ఆ రెండో పేరంటే ఆమెకు చిన్నప్పటి నుంచి గిట్టదు. గిట్టదు గనుకే వెతకడం మొదలుపెట్టింది: మా ఇంట్లో తరానికొక కెజీయా ఉంది, వంశవృక్షం మొదట్లో మాత్రం ఒక్క కెజీయా కూడా లేదు. మరి ఈ పేరు ఎవరి దగ్గర నుంచి వచ్చింది?

ఒక రోజు ఆమె ఆ వాగురాయి మీద కాగితం పరిచి, బొగ్గుతో రుద్ది తీసుకున్న ముద్రను చుట్టగా చుట్టుకుని మ్యూజియానికి వచ్చింది. మ్యూజియం చూసుకునే ట్రూడీ గాజు తెరిచి నన్ను బల్ల మీద పెట్టింది. ఇద్దరూ తలలు వంచి చూశారు.

"రాయి మీద ఒంటి కంకి కుడివైపు ఉంది. దీని మీద ఎడమవైపు," అంది ట్రూడీ. "ఇది అది కాదేమో. లేదా చెక్కినవాడు పొరబడ్డాడు."

"పొరబడినవాడు అంత లోతుగా చెక్కడు," అంది ఆర్డిత్. అయినా కాగితం చుట్టేసుకుని వెళ్ళిపోయింది.

నాకు నోరు లేని లోటు ఆ రోజు తెలిసింది. గాజు కింద పెట్టి చూసేవారు నన్ను బొమ్మ అనుకుంటారు. నేను బొమ్మను కాను, బొమ్మ పుట్టవలసిన గుంటను. నన్ను చూసి లాభం లేదు, నన్ను వాడాలి.

వాడే అవకాశం తెచ్చినవాడు లైల్ పెన్రోడ్. ట్రాక్టర్లు అమ్ముతాడు, గట్టిగా నవ్వుతాడు, ఆర్డిత్‌కు వరుసకు తమ్ముడు. పెద్దన్న వంశం. వంశం వారందరినీ పాత పొలంలో ఒకచోట చేర్చి, ఆ వాగురాయి తీయించి, దాని స్థానంలో నల్లరాయి నిలబెట్టాలని అతని సంకల్పం. రాయి మీద అక్షరాలు కూడా చెక్కించేశాడు: "హెస్టర్ పెన్రోడ్, ఈ వంశపు తల్లి". భోజనాల్లో మూలపుటమ్మ గుర్తు వేసిన వెన్న వడ్డించాలన్నది అతనికి తట్టిన మరో ఆలోచన. అందుకని నన్ను ఒక పూటకు అడిగి తెప్పించాడు.

సమాధుల ఆవరణ పక్కనే గడ్డి మీద బల్లలు వేశారు. ట్రూడీ చేతులకు తెల్లని తొడుగులు వేసుకుని నన్ను పసిపాపలా ఎత్తుకుని వచ్చింది. ఒక బల్ల మీద లైల్ తన ఇంటి సంపదను ప్రదర్శనకు పెట్టాడు: చట్రంలో బిగించిన వెలిసిన నీలం రిబ్బను, పక్కన ఒక కాలిన మట్టిపెళ్ళ. పాత ఇల్లు కూల్చినప్పుడు పొయ్యి మీద నుంచి ఊడివచ్చిన పెళ్ళ అది. ఇన్నాళ్ళూ అతని ఇంట్లో తలుపు పడకుండా అడ్డుగా ఉండేదట. నేను దానిని గుర్తుపట్టాను. పుట్టింటి చుట్టాన్ని సంతలో చూసినట్టయింది.

"వచ్చావా, ఆర్డిత్ కెజీయా!" అన్నాడు లైల్. "ఇవాళ ఒక్క రోజు ప్రశ్నలు తక్కువ అడుగు తల్లీ, మాంసం చల్లారిపోతుంది."

"ఆ రెండో పేరుతో పిలవకని నీకు పాలపళ్ళు ఊడక ముందునుంచీ చెబుతున్నాను. రాయి పాతేశారా?"

"రేపు ఉదయం కాంక్రీటు పోస్తారు. ఇవాళ గుడ్డ తీసి చూపించడమే."

"ఆ రాయి కింద హెస్టరే ఉందని నీకెలా తెలుసు?"

"మొదలుపెట్టింది!" అన్నాడు లైల్ అందరి వైపు తిరిగి. "రిబ్బను చూడు. పెన్రోడ్ ఇల్లాలికి మొదటి బహుమతి. అంటే ఆవిడ నిక్షేపంగా ముసలిదయ్యేదాకా బతికింది. రాయి మీద ఆవిడ గుర్తు ఉంది. ఇంకేం కావాలి, ఆవిడే వచ్చి చెప్పాలా?"

"చెబితే వింటావా?"

నవ్వులు లేచాయి. లైల్ నన్ను ట్రూడీ చేతిలోంచి అందుకుని, వెన్న ముద్ద మీద పెట్టి తన బరువంతా వేసి నొక్కాడు. లాగాడు. వెన్న నాకే అతుక్కుపోయి ముద్ద మధ్య గొయ్యి పడింది.

"మూలపుటమ్మ అలిగింది," అన్నారెవరో.

"దాహం తీర్చి వెన్న పెట్టు," అంది ఆర్డిత్. అని, తన మాట తానే విని ఆగిపోయింది. "మా అమ్మమ్మ అనేది. రొట్టెల పిండికి నీళ్ళు కలిపేటప్పుడు, మొక్కలకు పోసేటప్పుడు, దేనికైనా ఇదే మాట. ఎందుకంటుందో ఎవరికీ తెలియదు. దానిని చన్నీళ్ళలో నానబెట్టు, లైల్."

"వద్దండీ!" ట్రూడీ అడ్డం వచ్చింది. "రెండువందల ఏళ్ళ చెక్క. తడిసి ఉబ్బితే మళ్ళీ ఆరేటప్పుడు పగులుతుంది. మ్యూజియం కమిటీకి నేను జవాబు చెప్పుకోవాలి."

ఆమె చెప్పింది నిజమే. పగులుతానని నాకూ తెలుసు. ఎవరైనా నా అభిప్రాయం అడిగి ఉంటే, ముంచమనే చెప్పేదాన్ని.

"కమిటీలో నేనూ ఉన్నాను. ఇంతమంది రొట్టెలు పట్టుకుని నిలబడ్డారు, కాసేపు ముంచండి," అన్నాడు లైల్.

నీళ్ళగిన్నెలో మునిగాను. ఎంతకాలమైందో! ముడుచుకుపోయిన నరాలన్నీ విచ్చుకున్నాయి. ఆర్డిత్ నన్ను బయటకు తీసి, విదిలించి, లైల్‌లా కాక మెల్లగా, నిలువుగా అదిమి ఎత్తింది. వెన్న మీద గోధుమ కట్ట గింజ గింజగా లేచింది. దాని కుడి పక్కన ఒంటి కంకి నిలబడింది.

ఆర్డిత్ ఒక చేత వెన్న పళ్ళెం, మరో చేత నన్ను పట్టుకుని సమాధుల ఆవరణలోకి నడిచింది. రొట్టెలతోనే అందరూ ఆమె వెనుక వెళ్ళారు. ఆమె మోకాళ్ళ మీద వంగి వాగురాయి పక్కన పళ్ళెం పెట్టింది. కట్టకు కట్ట, కుడికి కుడి, కంకికి కంకి.

"చూశారా! రాయి ఆవిడదే! నేను చెప్పిందే నువ్వు రుజువు చేశావు," అన్నాడు లైల్.

"ఆ మట్టిపెళ్ళ ఇలా తీసుకురా."

పెళ్ళ వచ్చింది. దాని మీద కట్ట ఒక్కటే ఉంది. కుడివైపు మట్టి నున్నగా ఉంది.

"ఇల్లు కట్టిన రోజున ఈ కంకి లేదు," అంది ఆర్డిత్. "తరువాత వచ్చింది."

"అయితే ఏం? ఆవిడే తీరిగ్గా చెక్కుకుని ఉంటుంది. కంకులు ఎవరు చూస్తారు, ఆర్డిత్?"

"చెక్కినవాడు చూశాడు. నీ వేలు ఇటు ఇవ్వు."

లైల్ ఇష్టం లేకుండానే వంగాడు. ఆమె అతని చూపుడువేలు పట్టుకుని రాయి మీది కట్టపై పెట్టింది. నాచు తప్ప ఏమీ తగల్లేదు. వేలిని కుడికి జరిపింది. కంకి గాడిలో వేలు గోరు మునిగేదాకా దిగింది.

"హెస్టర్ సమాధి అయితే హెస్టర్ కట్టను లోతుగా చెక్కేవాడు. ఇతను కట్టను వదిలేశాడు. ఈ ఒక్క కంకి కోసం సుత్తి పట్టుకున్నాడు. ఇది కట్టలో మనిషి కాదు లైల్, పక్కన నిలబడిన మనిషి. మా ఏమస్ తాత తన మొదటి కూతురికి కెజీయా అని పేరు పెట్టాడు. తల్లి పేరు హెస్టర్ ఉండగా ఆ పేరు ఎందుకు పెట్టాడు? అప్పటి నుంచి మేము తరానికొకరం ఆ పేరు మోస్తున్నాం. మేము ఎవరిని మోస్తున్నామో చెప్పినవారు లేరు."

"అంటే... ఎవరంటావు?"

"ఎక్కడి నుంచి వచ్చిందో, ఎవరి బిడ్డో తెలియదు. ఈ పొలంలో వెన్న తీసిందని తెలుసు. కెజీయా అని తెలుసు. ఒక కొడుకు ఆమెను తన తండ్రి పక్కన పెట్టాలనుకున్నాడని తెలుసు. ముప్పై ఏళ్ళు ఉత్తరాలు పంచాను. ఒకరి ఉత్తరం మరొకరి పెట్టెలో వేయడం నాకు చేతకాదు. నువ్వు ఆ నల్లరాయి ఇక్కడ పాతితే, రేపు పొద్దున నేనే వచ్చి ఆ కాంక్రీటులో పడుకుంటాను."

లైల్ వేలు ఇంకా ఆ గాడిలోనే ఉంది. అతను గట్టిగా నవ్వే మనిషి కానీ చెడ్డ మనిషి కాడు. జోనస్ కూడా చెడ్డవాడు కాడు. అందుకే నాకు భయం వేసింది. చప్పట్ల మధ్య ఒక పెన్రోడ్ నోరు తెరిచి మూసుకోవడం నేను అదివరకు ఒకసారి చూశాను.

లైల్ లేచాడు. జేబులోంచి ఫోను తీశాడు.

"రేపు కాంక్రీటు పోయవద్దు," అన్నాడు ఎవరితోనో. "లేదయ్యా, వాన కాదు. మనిషిని పొరబడ్డాం."

ఫోను పెట్టి, చుట్టూ పొలాన్ని చూశాడు. "మరి మా హెస్టర్ ఎక్కడుంది?"

ఆ ప్రశ్నకు జవాబు తెలిసినది ఆ ఆవరణలో నేనొక్కదాన్నే. కంచెకు అవతల మొక్కజొన్న గాలికి ఊగుతోంది. ఆర్డిత్ లేచి మోకాళ్ళు దులుపుకుంది.

"వెతుకుదాం," అంది. "ఈసారి నువ్వూ రా."

నల్లరాయి ఇప్పటికీ లైల్ ట్రాక్టర్ల షెడ్డులో గుడ్డ కప్పుకుని ఉంది, హెస్టర్ కోసం. వాగురాయిని ఎవరూ కదపలేదు. దాని మీద, ఒంటి కంకి కింద, చెక్కేవాడు వచ్చి ఒక్క పేరు చేర్చి వెళ్ళాడట. పేరు ఎంత పెద్ద అక్షరాలలో ఉండాలని అడిగితే "కంకి అంత లోతుగా ఉంటే చాలు, ఎంత చిన్నదైనా ఫరవాలేదు," అన్నదట ఆర్డిత్. ఇప్పుడు లైల్ ఆమెను రెండు పేర్లతోనూ పిలుస్తాడని, ఆమె పలుకుతుందని ట్రూడీ ఎవరితోనో చెబుతుంటే విన్నాను.

నేను పగిలాను. అంచు దగ్గర మొదలైన పగులు కట్టలో సగం దాకా వచ్చి ఆగింది. కమిటీవారు ట్రూడీని గట్టిగానే మందలించారు. నన్నింక ఎవరూ నీళ్ళలో ముంచరు, నాతో ఎవరూ వెన్న ఒత్తరు. చీటీ మార్చడానికి మాత్రం అదే కమిటీకి ఇంకా తీరిక దొరకలేదు. పాత చీటీని తీసి సొరుగులో పెట్టే ధైర్యం ట్రూడీ తానుగా చేసింది కనుక, ప్రస్తుతం నా ముందు ఏ పేరూ లేదు.

అందువల్ల వచ్చినవారు అడగవలసి వస్తోంది. మొన్న ఒక చిన్నపిల్ల గాజుకు ముక్కు ఆనించి చాలాసేపు చూసింది.

"ఆ కట్ట పక్కన ఒక్కటే ఉంది, అదేమిటండీ?"

ట్రూడీ తాళాలగుత్తి బల్ల మీద పెట్టి దగ్గరకు వచ్చింది.

"అది కెజీయా," అంది.